తప్పు పెద్దక్షరములలో, సవరణ చిన్నక్షరములలో

హనుమాన్ జంక్షను నాలుగు దారుల కూడలి. ఒకటి బెజవాడకు, ఒకటి ఏలూరునకు, ఒకటి నూజివీడునకు, ఒకటి గుడివాడకు పోవును. ఆ కూడలిలో నూజివీడు దారి చూపవలసిన పలకను పొరబాటున గుడివాడ వైపు తిప్పి పాతిరనుకొందము. తెల్లవారులోపల ఎన్ని బండ్లు దారి తప్పునో లెక్కింపగలమా? తప్పు తెలిసిన పిమ్మట పలక పాతినవారు చేయవలసిన పని యేమి? రాత్రివేళ ఎవరును చూడకుండ దానిని పీకి కాలువలో పారవేసిన చాలునా? పలక పీకుటకు కూలి యిమ్మని దారి తప్పినవానినే యడుగుదురా? పండ్రెండేండ్లు ఆలోచించి ఆ తరువాత పీకుదురా? వినువారికి నవ్వు వచ్చును. కాని లోకమందలి పరిశోధన పత్రికలు తాము ప్రకటించిన తప్పు వ్యాసముల విషయమున సరిగా ఈ మూడు పనులును చేయుచున్నవి. ఆ సంగతిని ఈ వారము పాఠకుల ముందుంచ దలచితిమి.

పరిశోధన పత్రిక నడచు తీరు పఠనమందిరములకు వచ్చు మిత్రులలో కొందరికి తెలియకపోవచ్చును గనుక క్లుప్తముగా చెప్పెదము. ఒక పండితుడు తాను చేసిన ప్రయోగమును, కనుగొన్న ఫలితమును వ్యాసముగా వ్రాసి పత్రికకు పంపును. సంపాదకుడు దానిని ఆ శాస్త్రమునందే కృషిచేసిన ఇద్దరు ముగ్గురు విద్వాంసులకు పంపి వారి యభిప్రాయము తెప్పించుకొనును. వారు సరియన్నచో వ్యాసము ప్రకటితమగును. కథ అంతటితో ముగియదు. దానిని నమ్మి మరియొకడు తన ప్రయోగము మొదలిడును. వైద్యుడు మందు మార్చును. ప్రభుత్వోద్యోగి ఉత్తరువు వ్రాయును. కొంతకాలమునకు ఆ వ్యాసములో లెక్క తప్పెననియో, కొలత తప్పెననియో, అసలు ప్రయోగమే జరుగలేదనియో, పరుల వ్యాసమును దొంగిలించి పేరు మార్చిరనియో తేలును. అప్పుడు పత్రిక 'ఈ వ్యాసమును ఇకమీద ఎవ్వరును ఆధారముగా గొనరాదు' అని ప్రకటింపవలెను. దీనినే ఉపసంహరణ మందురు. వ్యాసమును చింపివేయరు. అది యున్నచోటనే యుండును. దాని నుదుట ఉపసంహృతమను ముద్ర పడును. ప్రక్కన కారణము తెలుపు ప్రకటన నిలుచును.

ప్రచురణ నీతికై 1997లో బ్రిటను దేశమున వెలసిన 'కోప్' అను సంఘము 2009లో ఇందుకు నియమములు వ్రాసినది. ప్రకటన వెల లేకుండ అందరికి అందవలెను. ఉపసంహరించుచున్నది ఎవరో, ఎందుకో స్పష్టముగా చెప్పవలెను. పొరబాటును మోసమును ఒకే గాట కట్టక వేరుచేసి చూపవలెను. నియమములకేమి, బంగారమువంటివి. నడతయే వేరు.

మామిడితోటల నడుమ బ్రతుకువారికి ఈ పండితుల తగవుతో నేమి పని యని కొందరు అడుగవచ్చును. పూతకాలమున తేనెమంచు పురుగును, తామరపురుగును చూచి గుండె చేతబట్టుకొన్న నూజివీటి రైతు ఏ మందు ఎంత కొట్టవలెనని అడుగును. ఆ సమాధానము ఎరువుల దుకాణములో వచ్చినను, వ్యవసాయాధికారి నోట వచ్చినను, దాని మూలము వెదకిన నెక్కడనో ఒక ప్రయోగము, ఒక వ్యాసము ఉండితీరును. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానము కలదు. 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఆ యూరనే ఒక ప్రాంగణము తెరచి పల్లెబిడ్డలకు శాస్త్రవిద్య చెప్పుచున్నది. ఆ బిడ్డలలో నొకతె రేపొక వ్యాసమును నమ్మి రెండేండ్లు శ్రమించిన పిమ్మట అది ఏనాడో ఉపసంహృతమైనదని తెలిసినచో, ఆ రెండేండ్లు ఎవరు తిరిగి యిత్తురు? రైతు మందునకు పోసిన డబ్బు ఎవరు తిరిగి యిత్తురు? ఇది పండితుల యింటి తగవు కాదు. అచ్చులో నున్నదెల్ల నిజమని నమ్మి బ్రతుకు ప్రతివాని సొమ్మునకు, ఆయువునకు సంబంధించిన తగవు.

ముందుగా మన యింటి సంగతి చెప్పుకొందము. హైదరాబాదు నగరమున ఓమిక్స్ అను ప్రచురణశాల వెలసి, వందలకొలది పరిశోధన పత్రికలు తనవని చాటుకొనుచు, దేశదేశముల పండితులకు వ్యాసములు పంపుడని ఆహ్వానములు పంపినది. 2016 ఆగస్టులో అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆ సంస్థపైనను, దాని యనుబంధ సంస్థలపైనను, దాని యధిపతియైన గేదెల శ్రీనుబాబుపైనను నెవాడా రాష్ట్రమునందలి సమాఖ్య న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. విద్వాంసులచే పరిశీలింపజేయుదుమని చెప్పి ఆ పరిశీలన సరిగా జరుపకుండుట, తమకు సమ్మతి లేని పండితుల పేర్లను సంపాదకవర్గమున చూపుట, ప్రచురణకు వందలు వేలు డాలర్ల రుసుము కలదన్న మాటను వ్యాసము అంగీకరించువరకు దాచుట మొదలైనవి ఆ వ్యాజ్యమునందలి ఆరోపణలు. సంస్థవారు వీనిని కాదనిరి. న్యాయస్థానము 2019 మార్చిలో కమిషను పక్షముననే తీర్పు చెప్పి, 5 కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ము చెల్లింపుమని ఆజ్ఞాపించెను. పై న్యాయస్థానమును 2020లో ఆ తీర్పునే నిలిపెను.

డాలర్ల మొత్తమును మన పత్రికలు పెద్దక్షరములలో వేసినవి. ఆ వ్యాజ్యమునందే మరియొక యారోపణ కలదు. దానిని చదివి ఆగి యోచించినవారు అరుదు. రుసుము సంగతి తెలిసి కొందరు, పరిశీలన జరుగలేదని గ్రహించి కొందరు, 'మా వ్యాసము మాకిచ్చివేయుడు, ప్రకటింపవలదు' అని వేడుకొనగా పలుమారు ఆ వేడికోలును త్రోసిపుచ్చిరన్నదే ఆ యారోపణ. మా దృష్టికి ఇది రుసుమును మించిన యన్యాయము. ఏలయన, విద్యాలోకమున నొక వ్యాసమును ఒక పత్రికకు మాత్రమే యీయవలెనన్న నియమము కలదు. ఒకచోట ప్రకటితమైన దానిని, ప్రకటనకై నిలిచియున్న దానిని మరియొక మంచి పత్రిక స్వీకరింపదు. కావున మొదటి పత్రిక విడువనిచో ఆ వ్యాసము చెరలో పడినట్లే. అందు కర్త యొక్క మూడేండ్ల కష్టముండవచ్చును. నలుగురు విద్యార్థుల పట్టముండవచ్చును. ఒక రోగమునకు నిజమైన మందే యుండవచ్చును. డబ్బు కట్టి ఆ పత్రికలో నుండనిచ్చిన పేరు పోవును. కట్టకున్నను వ్యాసము బయటికి రాదు. కరవుమన్న కప్పకు కోపము, విడువుమన్న పాముకు కోపము అన్నట్లు వాని బ్రతుకు నడుమ నిలుచును.

ఇట్టి బేరము ఒక్క సంస్థతో పోయినది కాదు. అచ్చునకు ఒక రుసుము, వెనుకకు తీసికొనుటకు మరియొక రుసుము కోరు పత్రికలు నేటికిని కలవు. ఉపసంహరణకు వెల కట్టుటయన నేమో పాఠకులు ఒక్కసారి తలపోయవలెను. తన వ్రాతలో తప్పు కలదని తెలిసికొన్న పండితుడు ఆ తప్పు లోకమును చెరుపకమునుపే ఆపవలెనని పరుగున వచ్చును. వానిని వాకిట నిలిపి, ముందు పైకము లెక్కపెట్టుమని యడుగుటయా? పైకము లేనివాని తప్పు అచ్చులోనే యుండిపోవునా? ఊరిలో నిప్పంటుకొన్నదని చెప్పవచ్చినవానిని సుంకమడిగి ఆపు గ్రామమునకు నిప్పే తగిన గ్రామాధికారి.

మామిడి యెరిగినవారికి ఈ పత్రికల స్వభావము వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. కాయ పరువమునకు రాకమునుపే కోసి, కార్బైడు పొట్లములు పెట్టి, రెండు రోజులలో పసుపురంగు తెప్పించి బజారునకు తోలుదురు. రంగు చూచి కొన్నవాడు కోసినప్పుడు లోపల పులుపును, తెల్లని కండయు తేలును. ఆ పని నేరమని చట్టము చెప్పుచున్నది. అధికారులు గిడ్డంగులపై పడి బుట్టలు పట్టుకొనుచున్నారు. పరిశీలన యను పక్వము లేని వ్యాసమునకు పరిశోధన పత్రిక యను రంగు పూసి అమ్మువారిని పట్టుకొనుటకు మాత్రము మన హైదరాబాదు చాలలేదు, మన ఢిల్లీ చాలలేదు. సప్తసముద్రములకావల నెవాడాలో తీర్పు వినవలసివచ్చినది. తీర్పు న్యాయమైనదే. అది మన చేత కాకపోయెనే యన్నదే మా బాధ. తెలుగునేల మీద పుట్టిన తప్పును తెలుగువారే మొదట వ్రేలెత్తి చూపియుండిన, యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన జాతికి తగినట్లుండెడిది.

ఇక కొందరు పెద్దలు మాకొక సమాధానము చెప్పుదురు: 'అవి సంతలో గంపక్రింద దుకాణములు. వానిని చూపి విద్యాలోకమునెల్ల నిందింపరాదు. పేరుగల పత్రికలను చూడుడు' అని. చూతము. లండనులో 1823 నుండి వెలువడుచున్న 'ది లాన్సెట్' కంటె పేరుగల వైద్యపత్రిక ఏది? 1998 ఫిబ్రవరిలో ఆ పత్రిక పండ్రెండుగురు పిల్లలను గూర్చిన యొక వ్యాసము ప్రకటించెను. తట్టు, గవదబిళ్ళలు, రూబెల్లాలకు కలిపి వేయు టీకాకును పిల్లల మనోవికాసమున కలుగు లోపమునకును సంబంధము కలదేమో యన్న శంకను అది లోకమున విత్తినది. బ్రిటనులో తల్లులు బెదరి టీకాలు మానిరి. తగ్గుముఖము పట్టిన తట్టు మరల తలయెత్తెను. 2004లో ఒక వార్తాపత్రిక విలేఖరి, బ్రయన్ డీర్ అనువాడు, ఆ వ్యాసము వెనుక నడచిన వ్యవహారమును త్రవ్వి బయటపెట్టెను. (పండితసభలు చేయవలసిన పనిని పత్రికావిలేఖరి చేయవలసివచ్చెనన్నది మా వృత్తివారు కొంచెము గర్వముతో జ్ఞాపకముంచుకొన దగిన సంగతి.) ఆ సంవత్సరమే 13 మంది కర్తలలో 10 మంది ఆ వ్యాసమున చెప్పిన యర్థము తమకు సమ్మతము కాదని తొలగిరి. అయినను పత్రిక వ్యాసమునంతను ఉపసంహరించుటకు 2010 ఫిబ్రవరి రావలసివచ్చెను. అదియు వైద్యవృత్తి మండలి విచారణ ముగించి తప్పు నిర్ధారణ చేసిన తరువాత. అనగా పండ్రెండేండ్లు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగెనని మన సామెత. ఈ కుక్కకు ఆరు నెలలు పండ్రెండేండ్లాయెను. ఆ లోపల పుట్టిన బిడ్డలు బడికి పోయి పెద్ద తరగతులకు వచ్చిరి. ఉపసంహరణ జరిగిన తరువాత కూడ ఆ శంక లోకమున చావలేదు; నేటికిని టీకాలను వ్యతిరేకించువారి నోట అది పలుకుచునే యున్నది.

అదే పత్రిక 2020 మే 22వ తేదీన హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మందును గూర్చి మరియొక వ్యాసము వేసెను. కోవిడు మహమ్మారి లోకమును పట్టియున్న దినములవి. 671 ఆసుపత్రులలో 96,000 మంది రోగుల లెక్కలు చూచితిమనియు, ఆ మందు మేలు చేయకపోగా హాని చేయుచున్నదనియు ఆ వ్యాసము చెప్పెను. మూడు రోజులలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలలో ఆ మందు శాఖను తాత్కాలికముగా నిలిపివేసెను. లెక్కలు పొసగుట లేదని వందకు పైగా శాస్త్రజ్ఞులు బహిరంగలేఖ వ్రాసిరి. లెక్కలు సమకూర్చితినన్న కంపెనీ వానిని స్వతంత్ర పరిశీలకులకు చూపుటకు ఒప్పుకొనలేదు. జూను 4వ తేదీన నలుగురు కర్తలలో ముగ్గురు తమ వ్యాసమును ఉపసంహరించుకొనిరి. పదమూడు దినములు!

ఒకే పత్రిక, ఒకచోట పండ్రెండేండ్లు, ఒకచోట పదమూడు దినములు. మొదటి దానికంటె రెండవ దానియందు సంపాదకుల బుద్ధి అకస్మాత్తుగా పదునెక్కెనని మేమనుకొనము. లోకమంతయు కన్నులు విప్పి చూచుచుండగా జరిగినది గనుక త్వరపడిరి. ఆ మందు సంగతి ఏమైనను, మాకు కావలసిన పాఠ మిది: శీఘ్రోపసంహరణ సాధ్యమే. సాధ్యము కాదని, విచారణ చిక్కులు కలవని, న్యాయవాదుల సలహా రావలెనని చెప్పునదంతయు చూచువారు లేనప్పుడు పలుకు పలుకు. విచారణ ముగియులోపల 'ఈ వ్యాసముపై సందేహములు వచ్చినవి, చదువరులు జాగ్రత్తగా నుండుడు' అని యొక హెచ్చరిక వేయుటకు ఏ న్యాయవాది అడ్డుపడును? ఆ హెచ్చరిక పద్ధతి కూడ విద్యాలోకమున నున్నదే. దానిని తలచుకొనువారే కొరవడిరి.

మరియొక వింత చూడుడు. 2023వ సంవత్సరమున ప్రపంచమంతట ఉపసంహృతమైన వ్యాసములు 10,000 దాటినవి. అందు 8,000కు పైగా హిందావి యను ఒక్క ప్రచురణశాలవి. ఆ సంస్థను 2021లో అమెరికాలోని వైలీ కంపెనీ దాదాపు 30 కోట్ల డాలర్లిచ్చి కొన్నది. ప్రత్యేక సంచికలని పేరుపెట్టి, అతిథి సంపాదకులను పిలిచి, వాకిళ్ళు బార్లా తెరచిన పర్యవసాన మిది. కూలికి వ్యాసములు వ్రాసి కర్తృత్వమును అమ్ము కార్ఖానాలు ఆ వాకిళ్ళలో బండ్లకొలది సరకు దింపినవి. అన్ని వేలు ఉపసంహరించుట మంచిదే కదా యందురేమో. మంచిదే. కాని ఆ ప్రకటనలు చదివిచూడుడు. వేలకొలది ప్రకటనలు ఇంచుమించు ఒకే మూసలో పోసినవి. పరిశీలనలో అవకతవకలు జరిగినట్లు కనబడినది, అందు కర్తలకు పాలు కలదో లేదో చెప్పజాలము అన్నది వాని సారాంశము. వ్యాసము కొన్న దొంగయు, నిజముగా కష్టపడి వ్రాసి కాలము కలిసిరాక ఆ సంచికలో పడిన యమాయకుడును ఒకే పంక్తిని కూర్చుండిరి. రుసుము పుచ్చుకొన్నప్పుడు ఒక్కొక్కరి పేర వేరువేరు రసీదు వ్రాయగలిగినవారికి, పేరు తీసివేయునప్పుడు ఒక్కొక్కరికి వేరు కారణము వ్రాయ చేతకాలేదు!

ఈ మూసకంటెను హీనమైనది మరియొకటి కలదు. అది మౌనోపసంహరణ. నిన్న కనబడిన వ్యాసము నేడు కనబడదు. ఎందుకు పోయెనో చెప్పు పంక్తి యుండదు. పుట సంఖ్యలలో నడుమ ఖాళీ మాత్రముండును. కాగితముపై అచ్చైన కాలమున ఇది సాధ్యము కాలేదు. గ్రంథాలయములకు చేరిన సంచికను ఎవ్వరును వెనుకకు లాగలేరు. అంతర్జాలమున మాత్రము ఒక్క వ్రేలి కదలికతో చరిత్రయే చెరిగిపోవును. ఆ వ్యాసమును నమ్మి మరియొక వ్యాసము వ్రాసినవాడు, దానిని చదివి మందిచ్చినవాడు తమ క్రింద నేల కరగిపోయినదని ఎట్లు తెలిసికొందురు? రాత్రివేళ పలక పీకి కాలువలో వేసిన పని యిదే.

మన తెలుగు ముద్రాపకులకు ఈ విషయమున నొక మంచి యాచారముండెడిది. పుస్తకము అచ్చైన పిదప చదివి, కనబడిన తప్పులనెల్ల పుటయు పంక్తియు చూపి, తప్పొప్పుల పట్టికయని కూర్చి, ఆ పుస్తకమునకే కుట్టి యిచ్చెడివారు. శుద్ధపత్రికయని దానికి మరియొక పేరు. పుస్తకమెక్కడికి పోయిన నదియు దాని వెంట పోయెడిది. దానికి వేరు వెల లేదు. చిన్న పల్లెటూరి ముద్రాక్షరశాలలో సీసపు టక్షరములు ఏరి కూర్చిన పేదవాడు చేయగలిగిన పనిని కోట్ల డాలర్ల వ్యాపారము చేయు ప్రచురణశాలలు చేయలేవనుట మేము నమ్మము. కొన్ని పత్రికలు మూలవ్యాసమును వెల పెట్టి అమ్మి, ఉపసంహరణ ప్రకటనను కూడ ఆ వెల వెనుకనే దాచినవని విన్నవారు ఏమనుకొనవలెను? తప్పును కొన్నవాడు సవరణను కూడ కొనవలెనట!

పత్రికలను మాత్రమే నిందించి మన విశ్వవిద్యాలయములను విడిచిన అది పక్షపాతమగును. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందలి ఒక రసాయనశాస్త్రాచార్యుడు కొలది సంవత్సరములలో పాశ్చాత్య పత్రికలయందు ప్రకటించిన 70కి పైబడిన వ్యాసములు పరులనుండి గ్రహించినవి గాని కల్పితములు గాని యని 2008లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ పత్రికలలో కొన్ని ఉపసంహరణ ప్రకటనలు వేసినవి. ఆ యాచార్యుని పేరుతో మాకు పని లేదు. విశ్వవిద్యాలయము విచారించి తప్పు నిర్ధారించినది. మాకు కావలసినది లెక్క. నాలుగేండ్లలో డెబ్బది యనగా మూడు వారములకొకటి. ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలనుండి మూడు వారములకొక నూతనావిష్కరణము వెలువడుచుండగా పక్కగదిలోనివారికి సందేహము కలుగలేదా? ఏటేటా వ్యాసముల సంఖ్య చూచి మెచ్చుకొన్న యధికారులు ఒక్క వ్యాసమైనను చదివిరా? ప్రతి వ్యాసమును ఇద్దరు ముగ్గురు విద్వాంసులు పరిశీలించిరన్నది నిజమైనచో, వంద మందికి పైగా పరిశీలకుల కన్నులు గప్పుట సాధ్యమా? ఉపసంహరణ ప్రకటనలలో కర్త తప్పు కనబడును. తాము చదువక ముద్రవేసిన తప్పును ఏ సంపాదకుడైన వ్రాసికొనెనా?

ఇట్టి వ్యాసవృష్టికి మూలము వెదకిన మనము మరల ఢిల్లీకే పోవలెను. 2010 నుండి అధ్యాపకుల పదోన్నతికి వ్యాసములను మార్కులుగా లెక్కించు పద్ధతి వచ్చినది. పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతగ్రంథ మిచ్చులోపల ఒక వ్యాసమైన ప్రకటింపవలెనన్న నియమము 2022 వరకు నుండెను. చదువు చెప్పుటయే వృత్తిగా గల చిన్న కళాశాల యుపాధ్యాయుని మెడపై కత్తి పెట్టి వ్యాసము వ్రాయుమన్న, అతడు వ్రాయగలిగిన వ్రాయును, లేనిచో కొనును. కొనువాడున్నచోట అమ్మువాడు పుట్టును. 2018 మే నెలలో విశ్వవిద్యాలయ నిధుల సంఘము తాను ఆమోదించిన పట్టికనుండి 4,305 పత్రికలను ఒక్కసారి తొలగించినది. అంతవరకు వానియందు అచ్చైన వ్యాసములతో పదోన్నతి పొందినవారి మాట యేమి? వానిని నమ్మి చదివినవారి మాట యేమి? పట్టికనుండి పత్రిక పేరు కొట్టివేసిరి. అందలి తప్పు వ్యాసముల నుదుట ముద్ర ఎవరు వేయవలెనో చెప్పలేదు.

ఆ సంవత్సరమే ఆ సంఘము వ్యాసచౌర్యమునకు శిక్షలు నిర్ణయించినది. పోలిక నూటికి 10 దాటినచో రచనను ఉపసంహరింపవలెను. 40 దాటినచో దానికి తోడు ఒక వార్షిక వేతనవృద్ధి నిలుచును. 60 దాటినచో రెండు నిలుచును. నియమము మంచిదే. కాని ఉపసంహరింపుమని ప్రభుత్వము చెప్పుచుండగా, సొమ్ము చెల్లించిననే ఉపసంహరింతునని పత్రిక చెప్పినచో ఏది చెల్లును? ఈ ప్రశ్నకు ఆ నియమావళిలో సమాధానము లేదు.

2025లో మరియొక యడుగు వేసిరి. విద్యాసంస్థలకు తరతమస్థానములు నిర్ణయించు జాతీయ పట్టికలో, ఉపసంహృతమైన వ్యాసములకు మార్కులు తగ్గించు పద్ధతి తెచ్చిరి. వ్యాసముల సంఖ్య చూచి మార్కులు వేయుచు వచ్చినవారు, చెడిన వ్యాసములకు మార్కులు తీయుట న్యాయముగనే తోచును. దొంగకు శిక్ష పడవలెనన్న దానిని మేము కాదనము. కాని యిచ్చట నొక గొయ్యి కలదు. 2018లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ అను విదుషి, 2019లో తాను మరియిరువురితో ప్రకటించిన వ్యాసమునందలి ఫలితము మరల చేసినప్పుడు రాలేదని తెలిసి, 2020 జనవరిలో తానే లోకమునకు చాటి ఉపసంహరించుకొనెను. ఎవ్వరును ఆమెను వెలివేయలేదు. ఆమె మాటకు విలువ హెచ్చెను. అట్టి పని మన జిల్లాలో నొక యువోపాధ్యాయుడు చేసెననుకొందము. కళాశాల యాజమాన్యము వానిని మెచ్చుకొనునా? 'నీ వలన మన స్థానము దిగజారినది, ఊరకుండలేకపోతివా?' అని గదిలోనికి పిలిచి మందలించునా? మార్కులు పోవునన్న భయమున్నచోట రెండవదియే జరుగుననుటకు గొప్ప దివ్యదృష్టి అక్కరలేదు. పొరబాటును ఒప్పుకొన్నవానికిని మోసము చేసి పట్టుబడినవానికిని ఒకే కొలబద్ద పెట్టిన, ఒప్పుకొనువారు తగ్గుదురు, దాచువారు పెరుగుదురు, తప్పు వ్యాసములు ముద్ర లేకుండ లోకమున తిరుగును. కావున ఆ లెక్క వేయువారు ఉపసంహరణ కారణమును చూచి వేయవలెను. కర్త తానై ముందుకు వచ్చి పొరబాటు చెప్పిన సందర్భమున మార్కు తీయుట మాని, వీలైన నొక మార్కు కలుపవలెను. ఈ మాట విని నవ్వువారు నవ్వుదురు గాక.

కారణమును చూచుట సాధ్యము కావలెనన్న ప్రకటనలో కారణముండవలెను కదా! అందుచే మరల పత్రికల వాకిటికే రావలసియున్నది. వ్యాసమును వెనుకకు తీసికొనుటకు రుసుమడుగు ఏ పత్రికలోనైన ప్రకటితమైన వ్యాసమును పదోన్నతికి లెక్కింపరాదని మన విశ్వవిద్యాలయములు ఒక్క తీర్మానము చేసినచో, ఆ బేరము ఒక సంవత్సరములో మూతపడును; ఇందుకు నెవాడా న్యాయస్థానము అక్కరలేదు. సందేహము తెలిపిన లేఖకు ఇన్ని దినములలో సమాధానమిత్తుమని ముందుగా చాటని పత్రికకు మన గ్రంథాలయములు చందా కట్టరాదు. ఉపసంహరణ ప్రకటనకు వెల పెట్టినవారి చందాలోనుండి ఆ వెలను కోసి యియ్యవలెను. చందాదారుని మాట వ్యాపారి వినును. వినకపోయిన నష్టము వానిది.

2025 ఫిబ్రవరిలో నిధుల సంఘము తన పత్రికల పట్టికను పూర్తిగ రద్దుచేసి, మంచిచెడ్డలు చూచుకొను బాధ్యతను విద్యాసంస్థలకే విడిచినది. ఇకమీద ఢిల్లీ పట్టికలో నుండెనని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. కావున ప్రతి కళాశాల గ్రంథాలయములోను, ప్రతి పరిశోధన స్థానములోను ఒక పుస్తకము తెరచి యుంచవలెనని మేము కోరుచున్నాము. ఆ సంస్థవారు వ్రాసిన వ్యాసములలో ఉపసంహృతమైనవి ఏవి, ఏనాడు, ఎవరి కోరికపై, ఏ కారణమున అన్నది అందు తెలుగులోను వ్రాయవలెను. చదువరి అడుగకుండగనే చూపవలెను. ఎవరి పేరు మొదట వ్రాయవలెనన్న సంకోచము కలిగినచోట, తానై పొరబాటు ఒప్పుకొన్నవాని పేరు మొదట వ్రాయుడు. మా చదువరులలో కళాశాలల పాలకసంఘ సభ్యులు, విశ్రాంత ఉపాధ్యాయులు, పూర్వవిద్యార్థులు ఎందరో కలరు. వారు రాబోవు సమావేశమున ఈ పుస్తకము సంగతి లేవనెత్తి, వచ్చిన సమాధానమును మాకు వ్రాసి పంపవలెను. అది 'అట్లే కానిండు' అను సమాధానమైనను, 'ఇట్టి పుస్తకము మాకక్కరలేదు' అను సమాధానమైనను, అడిగిన తేదీతో సహా ఈ పుటయందే, ఈ యక్షరములలోనే ప్రకటింతుము.